ఇంకొకరి రక్తానికి పథ్యం

2014 మార్చి 11, మంగళవారం, ఉదయం పదిన్నర. దక్షిణ చైనాలో, దోంగ్వాన్‌లోని ఒక ఆస్పత్రిలో థాన్ దెషున్ కాలేయంలో ఏడు సెంటీమీటర్ల గడ్డ ఉన్నట్టు స్కానింగ్‌లో తేలింది. అతనికి నలభై మూడేళ్లు. ఊరు గ్వాంగ్షీలోని ఫూసుయ్. పదకొండేళ్లుగా ఒక బూట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటవాడు. జీతం నెలకి 2,900 యువాన్లు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "హెపటైటిస్-బి ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది.

"లేదండీ."

"ఉందయ్యా. ఇదిగో, ఇక్కడ రాశారు."

దెషున్ భార్య యూలాన్ అదే ఫ్యాక్టరీలో బూట్ల అడుగులకి జిగురు రాస్తుంది. ఆమె సంచిలోంచి ఒక కవరు తీసి బల్లమీద పెట్టింది. అందులో 2009 నుంచి 2013 దాకా కంపెనీ చేయించిన వైద్యపరీక్షల రిపోర్టులు ఐదు ఉన్నాయి.

"ఏడాదికోసారి చూస్తూనే ఉన్నారు మేడమ్. లివరు బాగుందనే రాశారు. యూరిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువన్నారు. అప్పట్నుంచి ఈయనకి రొయ్యలు, వేరుశనగలు మానిపించేశాను. చాటుగా తింటే తిట్టాను కూడా."

డాక్టరమ్మ ఆ రిపోర్టుల్ని ఆ రోజు కాగితం పక్కన పెట్టి చూసింది. "వీటిలో రక్తం గ్రూపు ఏ. ఇవాళ తీసింది ఓ. ఇవి మీ ఆయనవి కావమ్మా."

యూలాన్ భర్తవైపు తిరిగింది. దెషున్ నేల చూస్తూ చెప్పాడు.

అతనికి హెపటైటిస్-బి ఉన్నట్టు ఫ్యాక్టరీలో చేరకముందే తెలుసు. ఆ రోజుల్లో బి ఉన్నవాళ్లని వంటగదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. కంపెనీ సిబ్బంది విభాగంలో పనిచేసే హె జిన్‌షెంగ్‌ది కూడా వాళ్ల ఊరే. పరీక్ష రోజున అతను తన మేనల్లుణ్ణి దెషున్ నంబరు మీద పంపి రక్తం ఇప్పించేవాడు. అందుకు బదులుగా దెషున్ ప్రతి ఆదివారం ఉదయం ఐదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా జిన్‌షెంగ్ భార్య నూడుల్స్ కొట్లో వంట చేసేవాడు. కూలి లేదు. ఊరివాళ్లం కదా, సాయం చేస్తున్నానని ఇంట్లో చెప్పాడు.

"అయితే ఇన్నాళ్లూ ఎవడి రక్తానికో నీ చేత పథ్యం చేయించానా?" అంది యూలాన్.

"ఇంకో సంగతి," అంది డాక్టరమ్మ. "2010లోనే ఉద్యోగాలకి ఈ హెపటైటిస్ పరీక్ష చెయ్యకూడదని ప్రభుత్వం ఆపేసింది. వంటవాళ్ల మీద అడ్డు అంతకుముందే తీసేశారు. 2009 రిపోర్టులో బి గడి ఉంది. తర్వాత నాలుగింట్లో అసలు లేదు. మరి వేరేవాణ్ణి ఎందుకు పంపారు?"

"బి సంగతి రాసిన కాగితం ఒక్కటీ మాకివ్వకుండా ఆఫీసు ఫైల్లో ఉంచేస్తారని జిన్‌షెంగ్ చెప్పాడండీ. బయట ఎక్కడ చూపించుకున్నా కంప్యూటర్లోకి ఎక్కి కంపెనీకి తెలుస్తుందన్నాడు. అందుకని ఎక్కడికీ పోలేదు."

"మీ నాన్న దేంతో పోయాడు?"

"పొట్ట ఉబ్బి. నలభై ఆరో ఏట."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "బి ఉన్నవాళ్లకి నొప్పి లేకుండానే గడ్డ మొదలవుతుంది. ఇంట్లో ఒకరు అలా పోతే భయం ఇంకా ఎక్కువ. ఆరు నెలలకోసారి స్కాన్ తీస్తే చిన్నగా ఉన్నప్పుడే దొరికేది. మందులు వాడుంటే అసలు రాకపోయేదేమో. స్కాన్‌కి నూటపది యువాన్లు." తర్వాత యూలాన్‌తో, "మీరూ, పిల్లలూ పరీక్ష చేయించుకోండి. మీ పేర్లతోనే," అంది.

మర్నాడు భోజనాల వేళ యూలాన్ సిబ్బంది విభాగానికి వెళ్లింది. జిన్‌షెంగ్ కాగితం కప్పులో టీ పోసి ముందు పెట్టాడు.

"కూర్చో వదినా. అన్నకి ఎలా ఉంది?"

"ఆ పరీక్ష ఎత్తేశారని నీకు తెలుసా?"

"ఈ కుర్చీలో కూర్చుని తెలీదంటే ఎవరైనా నమ్ముతారా? అన్నకీ తెలుసనుకున్నా. టీవీలో కూడా చెప్పారు గదా."

"ఆయనకి టీవీ చూసే తీరిక ఆదివారమే. ఆ ఆదివారం నీ కొట్లో కాగే నీళ్లముందు నిలబడ్డాడు."

"అభిమానం కొద్దీ వచ్చాడు వదినా. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చానా?"

"మరి మొన్న నవంబర్లో మీ మేనల్లుడు ఆయన నంబరు మీద రక్తం ఇచ్చింది కూడా అభిమానమేనా?"

జిన్‌షెంగ్ లేచి తలుపు మూశాడు. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. సొంత ఇష్టంతో ఉద్యోగం మానుతున్నట్టు దెషున్ పేరున టైపు చేసి ఉంది.

"దీని మీద అన్న చేత సంతకం పెట్టించు. మూడు నెలల జీతం వచ్చేలా నేను చూస్తా. ఆ పాత రిపోర్టులు నాకిచ్చెయ్. దొంగ రక్తం సంగతి బయటపడితే బీమావాళ్లు ఒక్క యువాను కూడా ఇవ్వరు. నీ మంచికే చెబుతున్నా. మైహువా వచ్చే నెల ఇక్కడ చేరుతోంది గదా? దాని పరీక్షల సంగతి కూడా నేనే చూసుకుంటా."

మైహువా వాళ్ల కూతురు. పంతొమ్మిదేళ్లు.

"దాని రక్తం అదే ఇస్తుంది," అంది యూలాన్.

"రేపు ఊళ్లో మొహాలు చూసుకోవాలి వదినా."

"నీ మొహం పదకొండేళ్లు చూశాం. చాల్లే."

టీ ముట్టకుండా లేచింది.

మార్చి 14న ఆమె కార్మిక వివాదాల కార్యాలయానికి వెళ్లి, ఐదు రిపోర్టులూ, ఆస్పత్రి కాగితమూ, ఫిర్యాదూ ఇచ్చింది. గుమాస్తా చదివి తలెత్తాడు.

"ఇవి ఇస్తే మీ ఆయన చేసింది కూడా రికార్డుకెక్కుతుందమ్మా. బీమా ఆగిపోవచ్చు. ఆయనకి తెలుసా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"వద్దన్నాడు. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే కలం అడిగి తీసుకున్నాడు."

ఫిర్యాదు కింద దెషున్ సంతకం ఉంది. అందినట్టు గుమాస్తా సాయంత్రం నాలుగూ ఇరవైకి ముద్ర వేశాడు. విచారణ మే 27కి పెట్టారు.

దెషున్ మే 9న చనిపోయాడు. 27న కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. యూలాన్ వచ్చింది. కొత్త తేదీ ఇంకా ఇవ్వలేదు.

మైహువా వేరే పనిలో చేరింది. ఏప్రిల్లో బస్తీ వైద్యశాలలో తన పేరుతో రక్తం ఇచ్చింది. యూలాన్‌కి బి లేదు. మైహువాకి ఉంది. కాలేయంలో గడ్డలేవీ కనబడలేదు. తర్వాతి స్కాన్ అక్టోబర్ 15న, ఉదయం తొమ్మిదింటికి.