చదివే వంతు

కన్నకూతురి మీద కుళ్ళుకున్న తల్లిని మీరు ఎక్కడా చూసి ఉండకపోతే, ఇదిగో, నన్ను చూడండి. నా పేరు ప్రేమలత. గురజాల పక్కన పల్లె మాది. ముందే చెప్పేస్తే తర్వాత మీకూ నాకూ గొడవ ఉండదు.

నాకు నవలలంటే ప్రాణం. ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్ళి చేశారు గానీ ఈ పిచ్చిని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. అలాగని చదువుకునే తీరిక ఉందనుకోకండి. ఇంట్లో పుస్తకం తెరిచానా, గేదె అరుస్తుంది, కుళాయి వస్తుంది, చిన్నోడు చెప్పు పోయిందని ఏడుస్తాడు, మా ఆయన బెంజిమిన్ ట్రాక్టరు దిగుతూనే అన్నం ఏదంటాడు. వానాకాలమంతా కలుపుతీతలు. చలి ముదిరితే మిరపకోతలు. ఏడాది మొత్తంలో నేను నవల చదివేది పత్తి తీసే రోజుల్లోనే, ఆశ్వయుజం, కార్తీకం, ఆ రెండు నెలలే.

పత్తి తీస్తూ చదవడమేమిటంటారా? మా ముఠాలో తొమ్మిదిమంది ఆడవాళ్ళం. ఎవరు తీసిన పత్తికి వాళ్ళకే కూలి, ఎవరి సంచి వాళ్ళది. కానీ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక మనిషి పత్తి తీయదు. మాతోపాటు సాలెంట నడుస్తూ నవల పైకి చదువుతుంది. సాలు చివరికి వచ్చినప్పుడల్లా మిగతా ఎనిమిదిమందీ తలా ఒక గుప్పెడు ఆమె సంచిలో వేస్తారు. నాలుగేళ్ళ కిందట మా మేస్త్రి నిర్మలక్క పెట్టిన పద్ధతి ఇది. పాడిన పాటలే పాడి విసుగొచ్చి పెట్టింది. ఆ చదివే వంతు నాలుగేళ్ళూ నాదే. లైబ్రరీలో కార్డు నాదే, పుస్తకం ఎంచేది నేనే, ఎక్కడ ఆపాలో, ఎవరిని ఏడిపించాలో అంతా నా ఇష్టం. ఆ రెండు గంటలూ నన్ను ఎవరూ అన్నం అడగరు.

ఈ ఏడు అట్ట ఊడిపోయిన నవల ఒకటి దొరికింది. మొదటి పేజీ కూడా లేదు, పేరేమిటో దేవుడికే తెలియాలి. భాగ్యం అనే ఆవిడ రైల్వే స్టేషను దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడుపుకుంటూ పిల్లల్ని పెంచుతుంది. వదిలేసి పోయిన మొగుడు పద్నాలుగేళ్ళకు తిరిగొచ్చి, తానెవరో చెప్పకుండా, వసారాలో అందరితోపాటు భోజనానికి కూర్చుంటాడు. కథ అక్కడిదాకా వచ్చేసరికి నాకు జలుబు చేసి గొంతు పోయింది. నోరు తెరిస్తే మాటకు బదులు గాలి వస్తోంది.

అప్పుడు దసరా సెలవులు. మా పెద్దది కెజియా తొమ్మిదో తరగతి, ఇంట్లో తోచక నా వెంట చేనికి వచ్చింది. "పాప చేత చదివిద్దాం" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. నా చెప్పు తీసుకుని నన్నే కొట్టాలి.

అది చదివింది. నాలాగా గడగడా కాదు. మొగుడి మాటలు వచ్చినప్పుడు గొంతు తగ్గించింది. భాగ్యం మాటలకు కొంగు దోపుకున్న మనిషిలా నిలబడింది. భాగ్యం విస్తరి వేసి, అతని మొహం చూసి, గుర్తుపట్టి కూడా "పప్పు వెయ్యమంటారా?" అని అడుగుతుంది కదా, అది అనబోయే ముందు ఒక్క క్షణం ఆగింది. అంతే. సొంత ఆడబిడ్డ పోయినప్పుడు కూడా కళ్ళు తడవని మా బషీరున్నీసా అక్క పత్తి కాయ పట్టుకుని అలాగే ఏడ్చేసింది.

"ఓయమ్మో, ఏం చదివావే తల్లీ!" అంది నిర్మలక్క. "మీ అమ్మ చదివితే కథ తెలిసిద్ది. నువ్వు చదివితే కళ్ళకు కనపడిద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కడుపులో మాత్రం మంట మొదలైంది.

మర్నాడు నా గొంతు వచ్చింది. అన్నాలయ్యాయి, పుస్తకం తీసి కొంగు సర్దుకున్నానో లేదో, నిర్మలక్క నా సంచి నా చేతికిచ్చింది.

"నువ్వు తియ్యవే. పాపను చదవనీ."

"నాకు తగ్గిపోయిందక్కా."

"తగ్గితే మంచిదేగా. రెండు చేతులా తియ్యి."

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. దానికి అక్షరాలు దిద్దించింది నేను! పలక మీద 'అ' రాయలేక ఏడుస్తుంటే వేలు పట్టుకుని రాయించింది నేను! ఇప్పుడది పుస్తకం పట్టుకుని ముందు నడుస్తుంటే, నేను వెనకాల వంగి దాని సంచిలో గుప్పెళ్ళు వేయాలి. వేశాను. దాచడమెందుకు, చిన్న గుప్పెళ్ళే వేశాను. "ఆ అరుపులేంది, మెల్లగా చదువు" అని ఒకసారి గద్దించాను. "ఒక లైను వదిలేశావు" అని ఇంకోసారి. అది ఏ లైనూ వదల్లేదు.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పొద్దున క్యారేజీ కడుతూ "ఇయ్యాళ్టి నుంచి నువ్వు చేనికి రావద్దు" అన్నాను.

"ఎందుకమ్మా?"

"గేదె ఈనేటట్టుంది. చిన్నోడికి దగ్గు. నేనొక్కదాన్ని ఎన్నని చూసుకోను?"

గేదె ఈనడానికి ఇంకా నెల ఉంది. ఆ సంగతి దానికీ తెలుసు. అయినా పక్క మీద ఉన్న పుస్తకం తెచ్చి నా సంచిలో పెట్టింది.

ఆ రోజు నేను చదివాను. పాడు మనసు, దానిలాగా గొంతు మార్చబోయాను కూడా. నాకు రాలేదు. ఎనిమిదిమందీ మర్యాదకు విన్నారు. బషీరున్నీసా అక్క ఆవలించి "పాప రేపొచ్చిద్దా?" అని అడిగింది. "రాదు" అని, కోపంతో ఇంకో అధ్యాయం లాగించేశాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కెజియా గుమ్మంలోనే కాచుకుని ఉంది. "ఏమైందమ్మా? భాగ్యం మొగుడు రాత్రి మళ్ళీ వచ్చి తలుపు కొట్టాడుగా, తీసిందా?"

"ఇంకా అక్కడిదాకా రాలా."

వచ్చాం. దాటాం కూడా. అయినా చెప్పబుద్ధి కాలేదు.

"పోనీ పుస్తకం ఇటియ్యి, నేను చూసుకుంటా."

"అంట్లు తోమావా?"

అది నన్నొక చూపు చూసింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అని గొణుక్కుంటూ దొడ్లోకి పోయింది. వీపు మీద ఒక్కటి వేద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. చేసిన పని మాత్రం మానలేదు. పుస్తకం తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వాన పట్టుకుంది. తడిసిన పత్తి తీస్తే రైతు ఊరుకోడు కాబట్టి అందరం ఆటో ఎక్కి ఇళ్ళకు వచ్చేశాం. నేను దొడ్డిదారిన వచ్చాను. కెజియా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చిన్నోడు చంకలో ఉన్నాడు. ఒక చేత్తో పప్పు కలుపుతూ, మెడ వంచి గూట్లోకి చూస్తూ, పెదాలు కదుపుతోంది. ఏమిటా అని చూస్తే, గూట్లో డబ్బాల కింద పరిచిన పాత పేపరు చదువుతోంది. అక్షరాలు డబ్బా కిందికి పోతే గరిటె వదిలి డబ్బా జరుపుతోంది. మళ్ళీ గరిటె పట్టుకుని ఇంకో రెండు లైన్లు. చిన్నోడు జుట్టు పీకితే తల విదిలిస్తోంది గానీ కళ్ళు తిప్పడం లేదు. ఎప్పటి పేపరో అది, ఎక్కడో ఎవరో బోరు వేయించిన వార్త.

పదహారేళ్ళుగా ఈ ఇంట్లో నేను ఎలా నిలబడి చదువుతున్నానో, అది అచ్చం అలాగే నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళు దానికి. వాళ్ళ నాన్నో, అత్తగారో దాన్నలా నిలబెట్టి ఉంటే నోరారా తిట్టుకునేదాన్ని. నిలబెట్టింది నేను. అదీ ఎందుకు? నాకంటే బాగా చదివినందుకు. నాకు సిగ్గేసింది.

తడిబట్టలతోనే వెళ్ళి గరిటె లాక్కున్నాను. "అవతలికి పో. పప్పు మాడుద్ది."

చిన్నోణ్ణి చంకనేసుకుని, నా సంచిలోంచి పుస్తకం తీసి దాని చేతిలో పెట్టాను. అది పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది.

"రేపు చేనికి రా," అన్నాను. "తడబడ్డావంటే మాత్రం ఊరుకోను."

దాంతో నా కుళ్ళు కడుక్కుపోయిందనుకుంటున్నారా? ఎక్కడికి పోతుంది! మర్నాడు ఆటోలో కూర్చుని, తల్లీకూతుళ్ళం చెరో గంట చదువుతామని నిర్మలక్కను అడుగుదామా అని దారి పొడుగునా అనుకున్నాను. ఒక గంట చేతికొస్తే రెండో గంట మీద కన్ను పడుతుంది. నా సంగతి నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

అన్నాలయ్యాక కెజియా పుస్తకం తెరిచింది. నేను ఆపానని చెప్పిన చోటు వెతుకుతుంటే నిర్మలక్క చెయ్యి ఊపింది.

"అక్కడ కాదు పాపా. తలుపు కొట్టే కాడ నుంచి మళ్ళీ మొదలుపెట్టు."

"అది అమ్మ చదివిందంటగా?"

"చదివిందిలే. మాకు మళ్ళీ కావాలి."

అందరూ నా వంక చూడకుండా పత్తి వంక చూశారు. నేనూ పత్తి వంకే చూశాను. రెండు రోజులు గొంతు చించుకుని చదివిందంతా గంగలో కలిసింది.

కెజియా మొదలుపెట్టింది. భాగ్యం లేచింది, గడియ మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగింది అది. తొమ్మిదిమంది చేతులూ కాయల మీదే ఆగిపోయాయి, తొమ్మిదో మనిషిని నేను. మొన్న ఆ చోటు నేను పరుగున దాటించేశాను. అక్కడ ఆగాలని నాకు తోచనే లేదు. ఎంత బాగా ఆగింది దొంగపిల్ల! ఒళ్ళంతా భగ్గుమంది.

సాలు చివరికి వచ్చాక బషీరున్నీసా అక్క నా మొహంలోకి వంగి చూసింది. "ఏమే ప్రేమలతా, మొహం అట్టా మాడిందేంది? నిజం చెప్పు, పిల్ల మీద కుళ్ళా?"

"కుళ్ళే అక్కా. చానా కుళ్ళు," అన్నాను. "అయితే ఏంది? కబుర్లాపి దాని సంచిలో పెద్ద గుప్పెడు వెయ్యి."