లోపలి నుంచి తెరిచే తలుపు

అలారం కొనాలని మదనపల్లెకు వచ్చిన రోజు నిలబడిన చోటే నిద్రపోయేంత అలసటగా ఉంది నాకు. బెంగళూరు రోడ్డులో బండిని ఒక పక్కకు ఆపి, మా ఆయన చొక్కా అంచు పట్టుకుని దుకాణం మెట్లెక్కాను. చూసినవాళ్ళు ఏమనుకుంటే నాకేం? వదిలానంటే ఆయన నేరుగా బస్టాండుకు పోతాడు.

మా ఆయన పేరు నారాయణప్ప. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య జీవితమంతా బస్సు నడిపాడు. రిటైరైన కొన్నాళ్ళకే మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళద్దాలు పెట్టిన చోటు మరిచాడు, తర్వాత వీధులు, ఆ తర్వాత మనుషులు. డ్యూటీ మాత్రం మరిచిపోలేదు. తెల్లారకముందే లేచి ఖాకీ చొక్కా ఏదని వెతుకుతాడు. మొదటి ట్రిప్పుకు ఆలస్యమైందని బయలుదేరతాడు. ఇంటికి తాళం వేస్తే తలుపు గుద్ది గుద్ది చేతులు వాచిపోయాయి. బెంగళూరులో మా అమ్మాయి మేఘన దగ్గర కొన్నాళ్ళు ఉంచితే అపార్టుమెంటు లిఫ్టులో నిలబడి, ఎక్కినవాళ్ళందరినీ లోపలికి జరగమని కేకలేశాడు. అందరూ నవ్వారు. మేఘన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆయనకు నెమ్మది దొరికేది కదిలే బండిలోనే. అది తెలిశాక ఇల్లు అద్దెకిచ్చేశాను. ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మదనపల్లెలో బండ్లకు బాడీ కట్టే షెడ్డులో మంచం, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, తెర చాటున చిన్న బాత్రూము పెట్టించాను. షెడ్డువాళ్ళు దాన్ని మోటార్ హోమ్ అన్నారు. నాకది బండి, అంతే. నడపడం ఎప్పుడో ఆయనే నేర్పించాడు. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని నేను వేసే ప్రతి గేరుకూ తప్పు పడతాడు. పొద్దున మదనపల్లె, మధ్యాహ్నం పుంగనూరు, సాయంత్రానికి పలమనేరు మీదుగా కుప్పం. మళ్ళీ వెనక్కి. ఆయన తిరిగిన దారిలోనే ఇద్దరం తిరుగుతూ బతుకుతున్నాం.

చిక్కల్లా బండి ఆగినప్పుడే. నేను కన్ను మూస్తే చాలు, దిగి వెళ్ళిపోతాడు. పోయిన నెల గంగవరం దగ్గర తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పక్కన మనిషి లేడు. పాలవ్యాను నడిపే అతను తీసుకొచ్చి దించాడు. హైవే నడిమధ్యన నడుస్తున్నాడట, లారీలు తప్పుకుని తప్పుకుని పోతున్నాయట. ఆ రోజు నుంచి నా చీర కొంగు ఆయన మణికట్టుకు ముడేసుకుని పడుకుంటున్నాను. ఆయన పక్కకు తిరిగినప్పుడల్లా నాకు మెలకువ. దాన్ని నిద్ర అంటారా? కొంగు చిరిగింది కూడా.

దుకాణంలో విషయం చెప్పి, తలుపు తెరిస్తే నన్ను లేపే సామాను ఏదో ఒకటి బిగించుకోవడమే కదా అనుకున్నాను. కానీ చెప్పేదెట్లా? ఆయన్ని ఎక్కడా వదలలేను కాబట్టి ఎక్కడికి పోయినా పక్కనే ఉంటాడు. ఆయన ముందే ఆయన మతి పోయిందని పరాయివాడికి చెప్పాలి. దానికితోడు ఆ దుకాణం నడిపే తేజ ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నారాయణన్నా! మీ బస్సులోనే గదన్నా నేను కాలేజీకి పోయింది. కూసోండి, కూసోండి" అని కుర్చీ లాగాడు.

మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఆ ముఖం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు.

"దొంగల భయమప్పా. బండికి అలారం కావాల" అన్నాను.

దొంగలనగానే తేజకు హుషారొచ్చింది. బల్ల నిండా పెట్టెలు పరిచాడు. అద్దం పగిలితే మోగేది ఒకటి, లోపల మనిషి కదిలితే మోగేది ఒకటి, బండిని తాకితే ఫోనుకు కబురు పంపేది ఒకటి. ఫోనుకు కబురొస్తే నేనేం చేసుకోను, ఫోను నా తలకిందే ఉంటుంది, నేను ఆ బండిలోనే ఉంటాను. మనిషి కదిలితే మోగేది పెడితే రాత్రంతా మా ఇద్దరికీ అదే మోత. చివరికి తలుపుకు పెట్టేది తీసుకున్నాను. తేజ చాలా శ్రద్ధగా బిగించాడు. అడగని మేలు కూడా ఒకటి చేశాడు.

"లోపలుండేది మన మనుషులే గదమ్మా. మీరు రాత్రిపూట బయటికి పోవాలంటే ఈ పచ్చ బటన్ నొక్కండి, మోగదు. అన్నా, ఒకసారి నొక్కి సూడండి."

మా ఆయన నొక్కాడు. బాగుందని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. బటన్లంటే ఆయన వేళ్ళకు ఇష్టం. అప్పుడైనా నాకు వెలగొద్దా? వెలగలేదు. ఇక నిద్రపోవచ్చు అన్న ఒక్క మాట తప్ప బుర్రలో ఏమీ లేదు.

ఆ రాత్రి పుంగనూరులో పెట్రోలు బంకు పక్కన ఆపి, కొంగు ముడి వెయ్యకుండా పడుకున్నాను. ఎంత నిద్ర పోయానో! ముఖం మీద ఎండ పడితే లేచాను. ఒళ్ళంతా తేలికగా ఉంది. ఇంత సుఖంగా ఎందుకుందా అనుకుంటూ పక్కకు చూశాను. పక్క ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. నేర్పించినట్టే బటన్ నొక్కి మరీ దిగాడు.

బస్టాండుకు పరిగెత్తాను. మదనపల్లె బస్సు ముందు నిలబడి, బండిని వంకరగా ఎందుకు పెట్టావని దాని డ్రైవర్ను తిడుతున్నాడు. ఆ డ్రైవర్ ఎవరో మంచివాడు, టీ తెప్పించి ఇచ్చి, తిట్లన్నీ తలవంచుకుని పడుతున్నాడు. నేను బెంచీ మీద కూలబడ్డాను. ముందు దేవుడికి దండం పెట్టుకున్నాను, తర్వాత తేజను తిట్టుకున్నాను. వాడి తప్పేముంది? నేను దొంగలన్నాను, వాడు దొంగలకే బిగించాడు.

అంత జరిగినా నాకు నిజం చెప్పే ధైర్యం రాలేదు. పుంగనూరులో అలారాలు బిగించే మునిరాజు దుకాణానికి పోయి, తలుపు లోపలి నుంచి తెరిచినా మోగాలి, ఆపే బటన్ ఉండకూడదు అన్నాను.

"లోపలి నుంచి దొంగ ఎట్ల వస్తాడమ్మా?" అన్నాడు మునిరాజు.

"ముందే ఎక్కి దాక్కొని ఉంటే?"

అతను బండిలోకి తొంగి చూశాడు. "దాక్కునేదానికి యాడ ఉండాది తావు?"

మా ఆయన బాగా ఆలోచించి, "మంచం కింద" అన్నాడు.

మునిరాజు నవ్వుకుంటూ పాత పెట్టె తీసేసి పెద్ద సైరన్ బిగించాడు. నా అబద్ధం మా ఆయన నిజమనుకున్నాడు. దుకాణం నుంచి వచ్చినప్పటి నుంచీ వంగి వంగి మంచం కింద చూడటమే పని. ఉన్న బాధలు చాలనట్టు నేనే ఆయనకు కొత్త భయం ఒకటి అంటించాను.

మర్నాడు పలమనేరు దాటాక రోడ్డు పక్కన ఆపి, సంగటి, శనక్కాయల చట్నీ తిన్నాం. ఆయన కిటికీ దగ్గర కూర్చుంటే నేను నడుం వాల్చాను. కన్ను అంటుకుందో లేదో సైరన్ మోగింది. ఉలిక్కిపడి లేచేసరికి ఆయన లేడు. కిందికి దిగి అటూ ఇటూ చూశాను. రోడ్డు మీద లేడు. గొంతు మాత్రం దగ్గర్లోనే వినిపిస్తోంది. వంగి చూస్తే బండి కింద ఉన్నాడు. బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకుతూ, చక్రాల మధ్య చేతులతో తడుముతున్నాడు.

"ఎవురు పడినారు? ఎవుర్ని తొక్కినాను మే? యాడుండారు?"

సర్వీసంతా ఒక్క ప్రమాదం చెయ్యని మనిషి. ఒక కోడిని తొక్కినందుకే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను లోపలికెక్కి కూరగాయల కత్తితో వైరు కోసేశాను. సైరన్ ఆగింది గానీ ఆయన వెతకడం ఆపలేదు.

"ఎవురూ పడలేదప్పా. బయటికి రా."

"పడినారు. అరస్తాండారు గదా."

"నువ్వు ఎవుర్నీ తొక్కలేదు. నా మాట ఇను."

నేనూ రోడ్డు మీద పడుకుని ఆయన చెయ్యి అందుకుని బతిమాలాను. బయటికొచ్చేసరికి మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి, చొక్కా అంతా గ్రీజు. తుడుస్తూ ఏడ్చాను. దాచుకోవాలనిపించలేదు, బిగ్గరగానే ఏడ్చాను. పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇంకెక్కడా ఆపకుండా కుప్పం పోయాను. బస్టాండు దగ్గర కెమెరాలు, అలారాలు అమ్మే దుకాణంలో గీత అనే అమ్మాయి ఉంది. నవ్వుతూ ఎదురొచ్చి, ఒక కెమెరా చేతిలోకి తీసుకుని, దొంగ ముఖం చీకట్లో కూడా ఎంత బాగా కనిపిస్తుందో చెప్పబోయింది. నాకు ఓపిక అయిపోయింది. మర్యాద, పరువు, అన్నీ మోసే ఓపిక అయిపోయింది.

"దొంగల కోసరం కాదమ్మా" అన్నాను. "మా ఆయన కోసరం. ఆయనకు మతి సరిగా లేదు. నేను పడుకుంటే దిగి రోడ్డు మీదికి పోతాడు. ఏదో ఒకరోజు లారీ కిందికి పోతాడు. నేను సరిగా నిద్ర పోయి నెలైంది. సైరన్ పెడితే బెదిరిపోతాండాడు. నాకేం చెయ్యాలో తెలీడంలే."

ఆయన వైపు చూడలేదు. ఎట్లా చూస్తాను? గీత కెమెరాను బల్ల మీద పెట్టేసింది.

"నిజమేనమ్మా" అన్నాడు మా ఆయన. "నేను దిగేస్తాండాను. ఈమెకు నిద్ర లేదు."

తల తిప్పి చూశాను. నన్నే చూస్తున్నాడు. చాలాకాలానికి నేనెవరో తెలిసి చూసిన చూపది. తెలుసు ఆయనకు. నేను ఎవరి నుంచి దాచడానికి ఇన్ని అబద్ధాలు ఆడానో, ఆ మనిషికే అంతా తెలుసు.

"సైరన్ యాల?" అన్నాడు గీతతో. "కండక్టర్ వెనక నుంచి తాడు లాగితే డ్రైవర్ నెత్తిమీద గంట మోగుతాది. ఒక గంట కొడితే ఆపాల. రెండు గంటలు పడితేనే కదలాల. మధ్యలో సొంత తెలివి పనికిరాదు. ఈ తలుపుకు ఒక గంట పెట్టు తల్లీ. ఆగుతాను."

గీత కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. సైరన్ పీకేసి, తలుపు తెరిస్తే ఒక్కసారి మాత్రం మోగేట్టు గంట బిగించింది. నా మంచం పక్కన ఒక స్విచ్చు పెట్టింది, రెండు గంటలు నేను కొట్టుకోవడానికి. పని అయ్యేసరికి ఆయన ఆ మాటలన్నీ మరిచిపోయి, ఈ ఊరేదని నన్నడిగాడు. కుప్పమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు దారిలో, పుంగనూరు దాటి రామసముద్రం వైపు మళ్ళే చోట చింతచెట్ల నీడ చూసి ఆపాను. బండి తాళాలు నడుముకు దోపుకుని పడుకున్నాను. నిద్ర లోతులో గంట వినిపించింది. ఒక్కటే. దిగ్గున లేచి కూర్చున్నాను.

ఆయన ఉన్నాడు. తలుపు తెరిచి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. బయట లారీలు పోతున్నాయి. ఆయన దిగలేదు.

నా అలికిడికి తల తిప్పి, "ఎవురమ్మా దిగేది?" అన్నాడు.

"అప్పా, నేను మునిరత్నను" అనబోయాను. ఆ చూపులో నేను లేను. నిన్న దుకాణంలో కనిపించిన మనిషి మళ్ళీ ఎటో పోయాడు.

"నేనేనప్పా" అన్నాను.

"నిదానం తల్లీ. బండి ఆగే ఉండాది, భయం లేదు." పక్కకు తప్పుకుని నాకు చెయ్యి అందించాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెయ్యందించి బండి దింపింది అదే మొదలు. నా కాళ్ళు నేలకు ఆనేదాకా పట్టుకుని, తర్వాత వదిలాడు. చుట్టూ చూసి, "ఈడ ఊరేం లేదే, యాడికి పోవాల నువ్వు?" అనడిగాడు.

"పక్కనే" అన్నాను.

"ఎండగా ఉండాది. కొంగు కప్పుకో" అని తలుపు వేసుకున్నాడు. డ్రైవర్ సీట్లోకి పోయి కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ముందున్న రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. రెండు గంటలు మోగేదాకా దిగడు, కదలడు.

గంట కొట్టాల్సింది నేనే. పోయి కొట్టలేదు. చెట్టు కింద బండ మీద కూర్చున్నాను. అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నాడు, నేను ఎవరో తెలియకపోయినా నా గంట కోసమే చూస్తున్నాడు. కొంగు తల మీదికి లాక్కుని, చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను.