ముప్పయ్యో గడి

సర్వే కంపెనీ అతని ఫారాలను రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారి తప్పు దొరికితే పనిలోకి రావద్దన్నారు. ఈసారి కంపెనీ ఇచ్చిన జాబితాలో చివరి ఇల్లు అతని వదినది. ఆమె ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఎన్నికల మాట మీద అన్నతో గొడవపడ్డాక అతను ఆరేళ్లుగా ఆ గడప తొక్కలేదు. అన్న పోయినప్పుడు కూడా రాలేదు.

"దారి తప్పారా మరిదిగారూ?"

"పని మీద వచ్చాను వదినా. ముప్పై ప్రశ్నలు, పది నిమిషాలు."

"పని పడితే తప్ప మేం ఎందుకు గుర్తొస్తాంలే. కానివ్వండి."

ఆమె మిషన్ ఆపకుండానే జవాబులు చెప్పింది. కొత్తవాళ్లతో మాట్లాడతారా? "కుట్టించుకోడానికొస్తే." తొందరగా కోపం వస్తుందా? "ఇప్పుడొస్తోంది." వస్తువులు ఎక్కడివక్కడ పెడతారా అన్నది అతను అడగలేదు. గోడ అరలో పదకొండు సీసాలున్నాయి, చిన్న గుండీల నుంచి పెద్దవాటి దాకా వరసగా. చూసి టిక్కు పెట్టాడు.

ఇరవై తొమ్మిది ప్రశ్నలు స్వభావం గురించి. ముప్పయ్యోది ఓటు గురించి. అన్నీ సర్దిపెట్టుకునేవాళ్లు పాత పార్టీకి వేస్తారని సర్వేకి తిరిగేవాళ్ల నమ్మకం. అందుకని సగంలోనే ముప్పయ్యో గడిలో పెన్సిల్‌తో గీసి, చివర్లో అడిగి పెన్నుతో దిద్దుతారు. కంపెనీ వద్దంటుంది. అందరూ చేస్తారు. అతనూ పాత పార్టీ గడిలో గీశాడు.

అడక్కుండానే పెన్సిల్ కదలడంతో మిషన్ ఆగింది. వదిన ఫారం లాక్కుని ముక్కుకి ఆనించుకుని చూసింది.

"నన్నడక్కుండానే నా ఓటు వేసేశావా?"

"ఊరికే గుర్తు. చివర్లో అడుగుతాగా."

"ఏం చూసి పెట్టావు?"

అతను సీసాలు చూపించాడు.

"నా కుడి కన్ను పోయి రెండేళ్లయింది. ఎడమది సగమే. తడుముకుంటే దొరకాలని అలా పెట్టుకున్నా. మీ అన్ననీ ఇలాగే తేల్చావు. చొక్కాలు మడతపెట్టుకుంటాడని ఆయన్ని పాత పార్టీ మనిషన్నావు."

"ఇప్పుడదంతా ఎందుకు? ఈసారి ప్రతి ఇంటి నుంచీ సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపి ఇవ్వమన్నారు. అన్నీ అడిగాడని ఒక్క మాట చెప్పు. లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

"కలుపు."

కలిపి ఆమెకిచ్చాడు.

"అన్నీ మిమ్మల్ని అడిగే రాశాడా అమ్మా?"

"లేదండీ. నా ఓటు అడక్కుండానే గీసేశాడు."

"మరి మీ ఓటు ఎవరికి?"

"పాత పార్టీకే. ఎప్పుడూ అంతే."

సూపర్‌వైజర్ అతనికి ఫోన్ ఇమ్మన్నాడు. ఫారాలు ఆఫీసులో ఇచ్చేసి వెళ్లిపొమ్మన్నాడు.

"నేను పెట్టింది కరెక్టేగా!" అతను వదిన మీద అరిచాడు. "కరెక్టయినా నా పొట్ట కొట్టావు."

"అడిగుంటే చెప్పేదాన్ని."

అతను ఫారాలు సంచిలో కుక్కుకున్నాడు. వెళ్తూ అర దగ్గర ఆగాడు. మూడో సీసాని తొమ్మిదో చోట, తొమ్మిదో దాన్ని మూడో చోట పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మిషన్ మీది చొక్కాకి గుండీలు కుట్టాలి. వదిన చెయ్యి మూడో సీసా మీదికి వెళ్లింది. మూత తీసి వేళ్లు పెట్టింది. కోటు గుండీలు తగిలాయి. మూత పెట్టేసి, మొదటి సీసా నుంచి ఒక్కొక్కటే తడమడం మొదలుపెట్టింది.