సర్దుకుంటుంది

ఊరెళ్ళేది నలుగురైనా సర్దేది ఒక్కతే. ఆ ఇంట్లో మొదటి నుంచీ అంతే. భర్త చొక్కాలు మడత నలగకుండా పెట్టె అడుగున, అత్తగారి మందులు చేతికందేలా పైన, కూతురి చార్జరు ఎవరికిచ్చినా పోతుంది కాబట్టి తన చేతిసంచిలో. అన్నీ అయ్యాక ఎక్కడ సందు మిగిలితే అక్కడ ఆమె తన బట్టలు కుక్కేది. ఈసారి ఆ సందులోనే ఒక డబ్బా కూడా ఇరికించింది. వేయించిన వేరుశెనగపప్పు, ఖర్జూరాలు, నూనెతో కాల్చిన రొట్టెలు.

"అదేంటి, కరువొచ్చిన చోటికి వెళ్తున్నామా?" అన్నాడు భర్త గడ్డం గీసుకుంటూ.

"హోటళ్ళలో అన్నిట్లోనూ వెన్నో నెయ్యో వేస్తారు కదండీ. నాకేమీ దొరక్కపోతే అని."

"అందరూ తినేదే నువ్వూ తిను. ఊరెళ్ళినప్పుడైనా కాస్త సర్దుకోవాలి మరి."

ఆమె అప్పుడు ఆయన సాక్సులు జతలు కలుపుతోంది. సర్దుతూనే ఉన్నాను కదా అనుకుంది. 

మాంసం, గుడ్డు ఆ ఇంట్లో ఎప్పుడూ లేవు. వానలు మొదలైనప్పుడు ఆమె పాలు కూడా మానేసింది. పాలతో పాటు పెరుగు, వెన్న, నెయ్యి. కారణం చాలా చిన్నది. ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటరులో ఆమె ఉద్యోగం. బస్సు కోసం నిలబడే చోట ఒక పాలవాళ్ళ కొట్టం ఉంది. ఆ రోజు దూడను ఎక్కడో అవతల కట్టేసినట్టున్నారు. ఆవు అటు తిరిగి అరుస్తోంది. ఇంకా ఎవరూ పిండకముందే దాని పాలు వాటంతటవే నేల మీద కారుతున్నాయి. ఆమెకు తెలియకుండానే చెయ్యి తన గుండెల మీదికి వెళ్ళింది. ఆ బరువు, ఆ సలపరం ఆమె ఎరిగినవే. కూతురు చంటిపిల్లగా ఉండగానే ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి బట్టలు తడిసిపోయేవి. పక్క కౌంటరు ఆయన "నీళ్ళు ఒలకబోసుకున్నారా మేడమ్" అని నవ్వేవాడు. ఆమె బాత్రూంలోకి పోయి గొళ్ళెం పెట్టుకుని, బిడ్డ తాగాల్సిన పాలు బేసిన్‌లోకి పిండి, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పేది. అవన్నీ ఎప్పుడో మరిచిపోయాననుకుంది. ఆవు మరిచిపోనివ్వలేదు. మర్నాడు దేవుడి ముందు గిన్నెలో పాలు పెడుతూ, "ఇవి నువ్వు అడిగావా స్వామీ, నువ్వడిగావని మేమే అనుకున్నామా?" అంది. దేవుడు జవాబు చెప్పలేదు. కోప్పడనూ లేదు. ఆ రోజు నుంచి దేవుడికి పండు, ఆమెకు పాలు లేని టీ.

"డైటింగా అమ్మా?" అంది కూతురు. "మొక్కుకున్నావా?" అంది అత్తగారు కొంచెం ఆశగా. "ఎవరి కోసమే?"

"ఎవరి కోసమూ కాదత్తయ్యా. నాకే తాగబుద్ధి కాలేదు."

పొరపాటంతా అక్కడే జరిగింది. మీ అబ్బాయి ఆరోగ్యం కోసం అని ఉంటే అత్తగారే దగ్గరుండి పాటింపజేసేది, ఆ వీధంతా చెప్పుకునేది. "నాకే" అనే మాటకు ఆ ఇంట్లో అలవాటు లేదు. వచ్చిన చుట్టానికి ఎక్కడ కూర్చోమనాలో తెలియనట్టు, ఆ మాటను ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

రైలెక్కాక అత్తగారు డబ్బా మూత తీసింది. "ఏం తింటావో చూద్దామని" ఒక గుప్పెడు, "పర్లేదే" అని ఇంకో గుప్పెడు. భర్త పేపరు చదువుతూ ఖర్జూరాలు ముగించాడు. "అమ్మ గడ్డి" అని ఆటపట్టిస్తూనే కూతురు రొట్టెల పని పట్టింది. దిగే వేళకు డబ్బాలో వేరుశెనగ పొట్టు మిగిలింది. ఆమె దాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ సందులో పెట్టింది.

సాయంత్రం సరస్సు చూసి, బస చేసిన హోటల్లోనే భోజనానికి కూర్చున్నారు. వెయిటరు చీటీ పుస్తకం పట్టుకుని వచ్చాడు. భర్త తనకేం కావాలో చెప్పాడు, తల్లికేం కావాలో చెప్పాడు, కూతురు తనకు కావలసింది తనే చెప్పుకుంది. వెయిటరు ఆమె వైపు తిరిగాడు.

"మేడమ్‌కి?"

"ఆమెకి ఏదైనా పర్లేదు. సర్దుకుంటుంది," అన్నాడు భర్త.

ఆ మాట అబద్ధం కాదు. పెళ్ళయినప్పటి నుంచి హోటల్లో ఆమె తన కోసం ఏదీ తెప్పించుకోలేదు. కూతురు సగం తిని వదిలింది, అత్తగారు కారమని పక్కకు నెట్టింది, భర్త తెప్పించాక నచ్చలేదన్నది, అన్నీ ఆమె ముందుకు జరిగేవి. "పారేస్తామా ఏంటి, అమ్మ ఉందిగా" అనేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ ప్లేట్లలో మిగిలేదంతా వెన్న, జున్ను, మీగడ. అంటే ఆమెకంటూ వేరే ప్లేటు రావాలి. ఉన్నట్టుండి ఆమెకు అర్థమైంది. వీళ్ళకు ఇబ్బంది ఆమె మానేసిన పాలతో కాదు. ఆమెకు రావలసిన ప్లేటుతో.

"నాకు కూరగాయల సూపు కావాలి బాబూ," అంది. "పాలు, వెన్న, మీగడ ఏమీ వెయ్యకుండా. కుదురుతుందా?"

"కుదురుతుంది మేడమ్."

"ఇక మొదలు," అన్నాడు భర్త లేస్తూ. చేతులు కడుక్కుని వస్తానని వంటగది వైపు వెళ్ళాడు. వచ్చాక మంచి హుషారుగా ఉన్నాడు.

సూపు వచ్చింది. వేడిగా, చిక్కగా ఉంది. పొద్దుటి నుంచి ఆమె కడుపులో సరిగ్గా ఏమీ పడలేదు. రెండు చెంచాలు గబగబా తాగింది. తన ముందు, తన కోసం, తను అడిగింది. ఆ సంబరంలో రుచి కూడా సరిగా చూడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త.

"బాగుందండీ."

కూతురు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భర్త పగలబడి నవ్వాడు. "ఉండదా మరి? వెన్న దండిగా వేయించాను. వెయ్యలేదని చెప్పమన్నాను. చూశావా, నీ నాలిక్కే తెలీలేదు. అంతా మనసులో భ్రమ."

"పోన్లే, తాగేశావుగా, ఏమైంది?" అంది అత్తగారు కూడా నవ్వుతూ.

ఆమె చెంచా కింద పెట్టింది.  ఆయనకు వంకాయ పడదు. వాసనే గిట్టదు. ఆమెకు వంకాయంటే ప్రాణం. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంటి గడప వంకాయ తొక్కలేదు. ఏ రోజైనా మెత్తగా ఉడికించి, మెదిపి, పప్పులో కలిపి పెట్టి, "చూశారా, మీ నాలిక్కే తెలీలేదు" అని నవ్విందా? ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఆయన పడదన్నాడు, ఆమె నమ్మింది. అన్నం వండేవాళ్ళను తినేవాళ్ళు నమ్ముతారు. తినేవాళ్ళు వద్దన్నదాన్ని వండేవాళ్ళు నమ్ముతారు. అంత చిన్న నమ్మకం మీదే కదా ఒక ఇంట్లో పొయ్యి వెలిగేది. తను ఒక్క మాట అంది, నేను తినను అని. ఆ మాటను వంటగదిలోకి తీసుకెళ్ళి, ముక్కూమొహం తెలియని మనిషితో కలిసి నవ్వుకుని వచ్చాడు.

"అలిగావా ఏంటి? సరదాకి," అన్నాడు.

"అలగలేదండీ," అంది. నిజంగానే అలగలేదు. అలిగితే ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి. ఆమెకు కావలసింది అది కాదు. వెయిటరును పిలిచి గిన్నె తీసెయ్యమంది. అన్నం, ఉప్పు, నూనెలో వేయించిన బంగాళాదుంపలు తెమ్మంది. దగ్గరుండి చేయించుకుంటానని తనే లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళింది. ఆమె తినేదాకా మిగతా ముగ్గురూ ఖాళీ ప్లేట్ల ముందు కూర్చోవలసి వచ్చింది. అలా కూర్చోవడం వాళ్ళకు అదే మొదటిసారి.

పొద్దున ఆమె తలస్నానం చేసి, కిటికీలోంచి కనపడే నీళ్ళకు దండం పెట్టుకుంది. "పాపమంటే వెన్న కాదులే స్వామీ, అబద్ధం కదా?" అనుకుంది. ఈసారీ దేవుడు ఏమీ అనలేదు, కానీ మనసు తేలికైంది. తర్వాత చేతిసంచిలో తన బట్టలు, తన డబ్బా పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"నా చొక్కాలు బయటే ఉన్నాయేంటి?" అన్నాడు భర్త.

"అవునండీ."

"అమ్మా, నా చార్జరేది?"

"నువ్వు పెట్టిన చోటే ఉంటుందమ్మా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయన చొక్కాలను ఉండలుగా చుట్టి పెట్టెలో పడేసి, మూత పడక దాని మీద కూర్చున్నాడు. అత్తగారు తన మందులు తనే వెతుక్కుంది. ఆమె కదల్లేదు. చేతులు మాత్రం ఒళ్ళో ఊరికే ఉండలేక వేళ్ళు సాగదీసుకున్నాయి.

రైలు టైముకు ముందు స్టేషను ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నారు. అక్కడి వెయిటరు రాగానే ఆమే ముందు నోరు తెరిచింది.

"కూరలేమున్నాయి?"

"బఠాణీ ఉందమ్మా, వంకాయ ఉంది."

"వంకాయ నూనెతో చేశారా? ఇంకేమైనా కలిపారా?"

"నూనే అమ్మా. ఇంకేం లేదు."

"వంకాయ కూర, అన్నం. పెద్ద ప్లేటు."

"ఇదిగో, ఇక్కడ వంకాయేంటి? నాకా వాసన పడదని తెలుసుగా," అన్నాడు భర్త.

"తెలుసండీ. అందుకే మీ కోసం తెమ్మనలేదు. మీ గిన్నెలో కలపమనీ చెప్పలేదు."

 అత్తగారు కొడుకును చూసింది, కోడలిని చూసింది. కుర్చీ కొంచెం ఇటు జరుపుకుంది.

"వీడి నాన్నకీ పడేది కాదే," అంది నెమ్మదిగా. "నాకూ రెండు ముక్కలు వెయ్యి, అమ్మాయ్."

వెయిటరు చీటీ రాసుకుని భర్త వైపు తిరిగాడు. "సార్‌కి?"

ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుని, కోపం లేకుండా, మామూలుగా చెప్పింది.

"ఆయనకి ఏదైనా పర్లేదు బాబూ. సర్దుకుంటారు."