తువ్వాల కింది హారన్

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి, ఒక పేజీ నింపాలంటే నాకు పూట పడుతుంది. కంప్యూటర్ సంగతులు మా మనవరాలు వినీత విడమరచి చెబితే రాసుకున్నాను. ఇక కథ.

మహబూబాబాద్ దవాఖాన వెనక, శవాల గదికి ఎదురుగా ఉన్న వరండాలో పల్లవి నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుంది. లోపల తెల్లగుడ్డ కింద, రైలు పట్టాల మీద దొరికిన పిల్లవాడు ఉన్నాడు. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఎత్తు తన తమ్ముడు అజిత్ ఎత్తే. అజిత్‌కు ఉన్నటువంటి నీలి గళ్ల చొక్కాయే. సంతకం పెట్టి తీసుకుపొమ్మన్నారు పోలీసులు.

జనగామలో వాళ్ల నాయన దామోదర్‌ది ధాన్యం, పత్తి కొనే దుకాణం. గల్లాపెట్టె దగ్గర కూడా లారీల ఆటే ఆడుతున్నాడని కోపమొచ్చి, ఆయన కొడుకు ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాడు. అజిత్ చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. మళ్లీ ఇంటి గడప తొక్కలేదు.

కానీ ఆ ఆటలో అజిత్ పేరు పక్కన, ఆడుతున్నాడని చెప్పే పచ్చచుక్క వెలుగుతూనే ఉంది.

"వాడే మామా! ఎవరి ఫోన్‌లనో ఆడుతుండు" అంది పల్లవి.

మేనమామ రమాకాంత్ తల పట్టుకున్నాడు. "వాని పాస్‌వర్డ్ దోస్తులందరికి ఎర్కేనాయె. ఎవడో ఒకడు ఆడుతుంటడు. జర సోయిలకు రా బిడ్డా. ఈ ఎండలకు లోపలున్నోన్ని ఎంతసేపని ఉంచుతరు?"

ఆటలో పలకరిద్దామంటే దారి లేదు. బాపు మాట వినమని రాసినందుకు అజిత్ ఆమెను ఎప్పుడో బ్లాక్ చేశాడు, పచ్చచుక్క కనిపిస్తుంది గానీ మాట పోదు. కొత్త పేరుతో చేరి చూసింది. కొత్తవాళ్లను ఆ ఆట చిన్న రోడ్ల మీదే తిప్పుతుంది, అజిత్ తిరిగే ఘాట్ రోడ్డు చూపించదు. కంపెనీ ఎక్కడో పరాయి దేశంలో ఉంది. మెయిల్ పెడితే మనిషి కాదు, మర జవాబిచ్చింది.

అందుకే పల్లవి తెరను వదిలేసి, తెర వెనక మాటల మీద పడింది. ఆడేవాళ్ల ఫోన్లు, కంపెనీ సర్వర్ గడియ తీరిక లేకుండా మాట్లాడుకుంటాయి. ఆ మాటలన్నీ తన ల్యాప్‌టాప్ గుండా పోయేలా చేసింది. చూస్తే అన్నీ అంకెలే. ఆటలో ఒక్క పని చేయడం, వెళ్లిన అంకెల్లో ఏది మారిందో వెతకడం. బండి ఆపి చూసింది, ఎడమకు తిప్పి చూసింది, హారన్ కొట్టి చూసింది. ఏ అంకెలు రోడ్డును అడుగుతాయో, ఏవి హారన్ అవుతాయో మెల్లగా చిక్కింది. ఆ భాష మాట్లాడే చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసుకుని, సర్వర్‌నే నేరుగా ఘాట్ రోడ్డు అడిగింది. ఇచ్చింది! కొత్తవాళ్లను ఆపుతున్నది ఫోన్‌లోని ఆటే తప్ప సర్వర్ కాదు.

హారన్ దగ్గరే పని ఆగిపోయింది. హారన్‌తో మనిషి పేరు పోదు, లారీ నంబరు మాత్రమే పోతుంది, అందుకే బ్లాక్ దాన్ని ఆపలేదు. ఆ రోడ్డు మీద ఉన్న ప్రతివాడికీ వినిపిస్తుంది. కానీ తాను పట్టి దాచుకున్న హారన్ అంకెలను మళ్లీ పంపితే చాలు, సర్వర్ ఆమెను మెడపట్టి గెంటేస్తోంది. ఎన్నిసార్లు పంపినా అంతే.

కానిస్టేబుల్ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇగ కానియ్యుండ్రి పెద్దమనిషీ."

అంతవరకూ పక్కనే కూర్చున్న దామోదర్ లేచాడు. గోడ పట్టుకుని నిలబడి, భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బాపూ, ఒక్క హారన్ కొట్టనియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"హారనేంది బిడ్డా..." అన్నాడు దామోదర్. తువ్వాల చేతిలో నలుపుతూ నిలబడిపోయాడు.

పల్లవి కళ్లు ఆ తువ్వాల మీద ఆగాయి. మార్కెట్లో పాత బేరగాళ్లు ధర నోటితో చెప్పరు. తువ్వాల కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుంటారు, ఎన్ని వేళ్లయితే అంత ధర. ఒకసారి పట్టిన వేళ్లనే మళ్లీ పడితే అవతలివాడు చెయ్యి లాగేసుకుంటాడు. ధర కదలాలి.

ఆమె గబగబా పాత అంకెలను పక్కపక్కన పెట్టి చూసింది. ప్రతి మాట మొదట్లో ఒక అంకె, మాట మాటకూ ఒకటి పెరుగుతోంది. ఇంతసేపూ తాను చెప్పిన ధరే చెబుతోంది! ఆ అంకెను పెంచి పంపింది. సర్వర్ గెంటలేదు.

చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లు బాపు తువ్వాల దొంగిలించి బేరమాడేవాళ్లు. ఆమె రెండు వేళ్లు పడితే ఆ మొండివాడు మూడు పట్టేవాడు. ఎప్పుడూ ఒక వేలు ఎక్కువే. అయిదూ అయిపోతే అరచెయ్యి మొత్తం గట్టిగా పట్టి, బేరం కుదిరిందనేవాడు.

పల్లవి రెండు హారన్లు కొట్టింది.

ఆమెకు కంఠతా వచ్చిన అజిత్ లారీ నంబరుతో జవాబు వచ్చింది. రెండు.

"చూసినవా? హారన్ కొడితే ఎవడైనా గట్లనే కొడ్తడు" అన్నాడు రమాకాంత్. మాటలో కోపం లేదు, ఏడుపే ఉంది.

దామోదర్ కాగితం అందుకున్నాడు. అయినా పల్లవి మళ్లీ రెండు కొట్టింది. తెర మీద ఏవేవో లారీల అంకెలు పారుతూ పోయాయి. అజిత్ లారీ ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మూడు.

ఆమె నాలుగు కొట్టింది. అయిదు వచ్చింది. పల్లవి ఇక తాకలేదు. తెర వైపే చూసింది.

"ఏమైంది బిడ్డా?" దామోదర్ పక్కన కూలబడ్డాడు. "రెంటికి మూడు, నాలుగుకు అయిదు పట్టిండు బాపూ" అంది పల్లవి. "అయిదు పట్టిండా? ఇగ అరచెయ్యేనే! అరచెయ్యి పట్టమను!"

తెర మీద ఒకే అంకె ఆగకుండా సాగింది. పొడుగాటి హారన్.

ఆ వెంటనే పల్లవి ఫోన్‌లో మెసేజ్ మోగింది. అజిత్ ఆటలో బ్లాక్ తీసేసి రాశాడు. "అక్కా నువ్వేనా? గార్లల దోస్తు శ్రీపాల్ గాళ్లింట్ల ఉన్న. బాపు కొడ్తడా?"

"కొడ్తనని రాయి" అన్నాడు దామోదర్, ముఖం తువ్వాలలో దాచుకుని. "కొడ్త, రమ్మను. అన్నం తిన్నడా అడుగు."

రమాకాంత్ గార్లకు పోయే బండి కోసం రోడ్డు మీదికి ఉరికాడు. దామోదర్ సంతకం లేని కాగితాన్ని కానిస్టేబుల్‌కు తిరిగి ఇచ్చాడు.

"మావోడు కాడు సారూ. వేరే ఠాణాలకు ఫోన్ చేయుండ్రి. వీని కోసం కూడ ఏ తల్లో తిరుగుతుంటది. ఆళ్లు దొరికేదాంక జర మంచిగ ఉంచుండ్రి."

గుమ్మం దాకా పోయి, లోపలున్న పిల్లవాడి వైపు చూసి చేతులు జోడించాడు. పల్లవి నవ్వబోయింది. నవ్వు రాలేదు. ల్యాప్‌టాప్ మూసి ఆయన పక్కన నిలబడింది.

గాదె పుష్పమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు కొడకండ్లలో చిన్న బిడ్డ ఇంట్లో ఉంటున్నాను.