లోపల గడియ ఉన్న బండి

బండి పెద్దమ్మ పేరు మీదికి రావాలంటే చేయాల్సిన పనులు:

కర్ణాటక నుంచి ఎన్ఓసీ తెప్పించాలి.
అమ్మినాయన చేత ఫారాల మీద సంతకాలు పెట్టించాలి.
ఆయన కొన్నప్పటి బిల్లు అడగాలి. ఆ ధరా, బండి వయసూ చూసి మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ వేస్తారు. అది కట్టాలి.
ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం.
చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి.
బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి చూపించాలి.
ఇన్‌స్పెక్టర్ గారి ముందు పెద్దమ్మ నోరు తెరవకుండా చూడాలి.

ఇవన్నీ మిరప తొలికోతలోపు కావాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. బీకాం. అందుకని కాగితం ఏ రూపంలో వచ్చినా నా ముందుకే వస్తుంది. గ్యాస్ బుక్కు, ఓటరు కార్డు, మా పెదనాన్న ఫోనుకు వచ్చే లాటరీ మెసేజీ కూడా. “స్తుతిని అడగండి, చదువుకుంది కదా” అంటారు. బండి కాగితాలు రావడం మాత్రం అదే మొదలు.

మా పెద్దమ్మ రెబ్కా ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలకు మిరపకోత ముఠాను తీసుకెళ్ళే మేస్త్రి. పెదనాన్న తోమా లారీ డ్రైవరు. మిర్చి లోడుతో బ్యాడగి వెళ్ళి తిరిగొస్తూ హుబ్లీ దగ్గర ఒక షెడ్డులో ఆయన ఈ వ్యాను చూశాడు. ఎవరో దంపతులు దేశమంతా తిరగాలని ముచ్చటపడి చేయించుకున్నారట. మోకాళ్ళ నొప్పులొచ్చి మానుకున్నారు. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మూలన చిన్న బాత్రూం. పెదనాన్న పడకల మెత్తదనం వర్ణిస్తుంటే పెద్దమ్మ మధ్యలో ఆపింది.

“బాత్రూంకి లోపల గడియ ఉందా?”

“ఉంది.”

“పడుద్దా?”

“పడుద్ది. వేసి చూశా.”

“అయితే కొందాం.”

ఎందుకో చెప్పాలి. పత్తి చేలో అయితే కాస్త మరుగుంటుంది. మిరపచెట్టు నడుము దాకా కూడా రాదు. ఎటు చూసినా ఎరుపే, చాటన్నది లేదు. మగవాళ్ళు గట్టు దిగి అటు తిరిగితే సరిపోతుంది. ఆడవాళ్ళు పొద్దున ఆటో ఎక్కే ముందు నీళ్ళు మానేస్తారు, ఇంటికొచ్చాక తాగుతారు. మా పక్కింటి మౌలాబీ పిన్ని అలా మానేసీ మానేసీ, పోయిన ఏడాది రెండో కోతలో సాలు మధ్యన పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు, “నీళ్ళు తాగవా అమ్మా?” అని అడిగితే, “పనిరోజుల్లో తాగనండీ” అంది, అదేదో మొక్కున్నట్టు.

ఆమె లేని ముఠా ఉప్పు లేని కూర. పాట ఎత్తేదీ ఆమే, ఆసామిని వెక్కిరించేదీ ఆమే. పెద్దమ్మ వెళ్ళి పిలిచింది.

“తలుపున్న చోటుంటే వస్తానక్కా. లేదంటే తొలికోతకల్లా గుంటూరులో కోల్డ్ స్టోరేజీ పనికి పోతా. మాటిచ్చేశా.”

పెద్దమ్మ అందుకే బండి కొంది. కూలీలు ఎప్పట్లాగే ఆటోలో వెళతారు. బండి ఊరికే గట్టు మీద నిలబడుతుంది. అది మనుషులను మోసే బండి కాదు, సొంత వాడకానికే అని రాసివ్వాలి కాబట్టి ఈ సంగతి మీద పెద్దమ్మ చేత నేను ముందే ఒట్టు వేయించుకున్నాను.

టాక్సు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు చూపించాను.

“ఇంతకు ముందే కట్టిన బండేగా?” అంది పెద్దమ్మ.

“అది కర్ణాటకలో.”

“వచ్చేటప్పుడు దాని చక్రాలేమన్నా మార్చుకుందా?”

నేను రసీదు మడిచి మిగతా కాగితాల్లో పెట్టేశాను.

ఇక ఇన్‌స్పెక్షన్. ఏ ఊరి రవాణా ఆఫీసో చెప్పను. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు చూశారు, బ్రేకు చూశారు, లోపలికెళ్ళి కుళాయి తిప్పారు. కుళాయి దగ్గి ఊరుకుంది. నీళ్ళ మోటారు వైరు ఎలుకలు కొరికాయని మాకు అప్పటికి తెలియదు.

“కాగితం మీద ఇది క్యాంపర్ వ్యాన్. బాత్రూం ఉంటే పనిచేయాలి. లేదంటే పీకించి, మామూలు వ్యానుగా మార్పు రాయించుకుని రండి. బుధవారం.”

ఏజెంటు మాలిక్ మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. “పీకించెయ్యండి పెద్దమ్మా. డబ్బా అంత గది. తలనొప్పి వదులుద్ది.”

“ముందు నువ్వు మీ ఇంటిది పీకించి రా అబ్బాయ్. నీ పెళ్ళాం ఏమందో చెబితే అప్పుడు నాదీ పీకిస్తా” అంది పెద్దమ్మ.

పెదనాన్న వైరు మార్చాడు. మోటారు తిరిగింది. మంగళవారం ట్యాంకు నింపాం. బుధవారం మౌలాబీ పిన్నిని కూడా ఎక్కించుకున్నాం, కళ్ళతో చూసుకుంటుందని. పెద్దమ్మ దారిలో నీళ్ళ సీసా ఇస్తే ఆమె పెదవులు తడుపుకుని తిరిగి ఇచ్చేసింది.

“లోపలే ఉందిగదే, తాగు.”

“ఇంకా మీ పేరు మీదికి రాలేదుగా అక్కా.”

ఆఫీసు మైదానంలో లైసెన్సు పరీక్షలకు వచ్చిన జనం. ఇన్‌స్పెక్టర్ గారు ఎక్కడో తనిఖీకి వెళ్ళారు, వస్తారన్నారు. స్కూటీ పట్టుకుని ఒకమ్మాయి వరసలో నిలబడి, ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు ఊగుతోంది. ఆఫీసు బాత్రూంకి తాళం ఉంది. నీళ్ళ మోటారు కాలిపోయిందట.

పెద్దమ్మ ఆ పిల్లను ఒకసారి చూసింది. “అమ్మాయ్, ఇటు రా. స్కూటీ మా ఆయన పట్టుకుంటాడులే.”

ఆ అమ్మాయి వెళ్ళింది, వచ్చింది, మొహం వెలిగింది. వెనకే ఉన్న ఆమె అడిగింది. ఆమె చెల్లెలు అడిగింది. కాసేపటికి కౌంటరు ముందున్న వరస కన్నా మా బండి ముందున్న వరస పొడుగైంది. మౌలాబీ పిన్ని తలుపు దగ్గర నిలబడి పెత్తనం అందుకుంది.

“వరసలో రండమ్మా. పట్టుచీరలకు వేరే వరస లేదు. లోపల అద్దం ఉంది, అది చూసుకుంటా కూచోకండి.”

నేను ట్యాంకు మూత తీసి చూశాను. “పెద్దమ్మా, ట్యాంకు అయిపోతే ఆయనొచ్చి కుళాయి తిప్పేసరికి మళ్ళీ దగ్గుద్ది. అప్పుడు పీకించాల్సిందే.”

“అంత భయముంటే నువ్వే పోయి వాళ్ళకి చెప్పవే, పని ఆపుకోమని.”

పెదనాన్న టీకొట్టు నుంచి బిందెలతో నీళ్ళు మోశాడు. ఆయన ఒక బిందె పోసి వచ్చేలోపు ఇద్దరు వెళ్ళొస్తున్నారు. చివరకు ఆఫీసులోంచి సూపరింటెండెంట్ మేడమ్ ఒక ఫైలు పట్టుకుని బయటికొచ్చారు. బండి నంబరు చూసినట్టు చూశారు, టైరు చూసినట్టు చూశారు.

“లోపల కూడా చూడండి మేడమ్” అంది మౌలాబీ పిన్ని. ఫైలు అందుకుని తలుపు తీసింది.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ గారి జీపు వచ్చింది.

పెద్దమ్మ నాకిచ్చిన మాట ప్రకారం నోరు మూసుకుని ఆకాశం వైపు చూసింది. మౌలాబీ పిన్ని సంగతి నా జాబితాలో లేదు.

“పక్కకి జరగమ్మా, చెక్ చేయాలి” అన్నారు ఆయన, లోపలికెక్కి.

“లోపల మనిషుంది సార్.”

“ఎవరు?”

“చెప్పకూడదు సార్. మర్యాద కాదు.”

“బయటికి రమ్మను. నాకు ఇంకా పద్నాలుగు బళ్ళున్నాయి.” ఆయన బాత్రూం తలుపు కొట్టారు.

“ఆగవయ్యా” అని వినిపించింది లోపలి నుంచి.

ఆ గొంతు ఆయనకు రోజూ వినే గొంతులా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండడుగులు వెనక్కి వేసి, పొయ్యిని శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టారు. నీళ్ళ చప్పుడైంది. గడియ తీసిన చప్పుడైంది. మేడమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

“నీళ్ళు బాగా వస్తున్నాయి. ఫ్లష్ పనిచేస్తోంది. గడియ పడుతోంది. రాసుకోండి” అని ఫైలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన రాసుకున్నారు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగారు. “దీంట్లో ఎక్కడెక్కడ తిరుగుతారమ్మా?”

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను, నిజమే చెప్పమని.

“ఎక్కడా తిరగం సార్. చేనుగట్టున పెట్టుకుంటాం.”

ఆయన ఒకసారి వరస వైపు చూశారు, ఒకసారి తాళం వేసిన ఆఫీసు బాత్రూం వైపు చూశారు. సంతకం పెట్టారు. పెట్టాక కొంచెం గొంతు తగ్గించి, “తనిఖీకని పొద్దుననగా వెళ్ళాను. నేను కూడా ఒక్క నిమిషం...” అన్నారు.

“మీకు గోడలున్నాయి కద సార్” అంది మౌలాబీ పిన్ని.

వెళుతూ వెళుతూ, మళ్ళీ ఎప్పుడొస్తారని స్కూటీ అమ్మాయి అడిగింది. తిరుగుదారిలో మౌలాబీ పిన్ని సీసా తనే అడిగి తీసుకుంది. కోల్డ్ స్టోరేజీ వాళ్ళకు తను రావడంలేదని చెప్పమని ఫోను నాకే ఇచ్చింది. చదువుకున్నదాన్ని కదా.

తొలికోత రోజున బండి గట్టు మీద నిలబడింది. బాత్రూం కిందున్న మురికి పెట్టె తీసి కడిగే పని పెదనాన్నది. ఆయన ఒప్పుకోలేదు, ఆయన్ను ఎవరూ అడగనూ లేదు. పొద్దెక్కేసరికి మౌలాబీ పిన్ని సీసా ఖాళీ చేసి లోపలికెళ్ళింది. ఎంతకీ రాదు. బయట ముగ్గురు నిలబడి తలుపు బాదుతున్నారు.

“ఒసే మౌలాబీ, బతికే ఉన్నావా?” అని అరిచింది పెద్దమ్మ.

“ఉన్నా అక్కా. పనైపోయింది. ఊరికే కూచున్నా. ఎవరూ చూట్టంలేదుగా.”

తలుపు బాదేవాళ్ళు కూడా కాసేపు ఆగారు. తర్వాత మళ్ళీ బాదారు.

అన్నంలో కారం కలుపుకుని తినేటప్పుడు ఘాటెక్కి మీరు నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాస్తారు కదా. అప్పుడు మా మౌలాబీ పిన్నిని ఒకసారి తలుచుకోండి. తలుచుకుని, గ్లాసు నిండా తాగండి.