నా మోకాళ్ళు

"పెద్దగా ఏం సర్దకు లక్ష్మీ, ఊరికే అలా వెళ్ళి ఇలా వచ్చేద్దాం" అన్నారు మా ఆయన, సోఫాలో కాళ్ళు చాపుకుని. పెళ్ళయిన నాటినుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. ఊరికే అలా వెళ్ళాలంటే నేను తెల్లవారకముందే లేచి పులిహోర కలపాలి. మిరపకాయ ముక్క కనిపిస్తే సాత్విక్ ముట్టడు కాబట్టి వాడికి విడిగా పెరుగన్నం. భానుశ్రీకి పెరుగు వాసన గిట్టదు కాబట్టి దానికి చపాతీ, బంగాళాదుంప వేపుడు. ఆపైన నీళ్ళ సీసాలు, మజ్జిగ, టోపీలు, తువ్వాళ్ళు, మార్చే బట్టలు, మా ఆయన గ్యాస్ మాత్రలు. ఇవన్నీ ఒక సంచీలో కుక్కి నేను మోస్తుంటే ఆయన కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ ముందు నడుస్తారు. మనవలతో వేసవి షికారంటే మా ఇంట్లో ఇదీ.

నాకు మనవలంటే ప్రాణం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తరవాత చెప్పబోయేదానికి ఎవరో ఒకరు మూతి విరుస్తారు. మే నెల రాగానే మా అబ్బాయి చక్రి, కోడలు ఉషశ్రీ హైదరాబాదు నుంచి పిల్లలిద్దర్నీ తెచ్చి విజయవాడలో మా దగ్గర దింపుతారు. ఈసారి అప్పటికే హంసలదీవి తీసుకెళ్ళి సముద్రం చూపించాను. పామర్రు దగ్గర మా పుట్టింటివాళ్ళ చేలో, మినుము తీసేసిన నేల మీద, పిల్లలతో సమానంగా పరిగెత్తాను. ఆ పూటల్లో నేను పొందిన సంతోషం అబద్ధం కాదు. ఇంటికొచ్చాక ఆ ఇసక బట్టలు ఉతికింది నేనే, అదీ అబద్ధం కాదు.

ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాక నాకు ఇంకో ప్రాణం కూడా పుట్టుకొచ్చింది. పొద్దున్నే కాలవ గట్టు మీద నడకకి వెళ్తుంటే సీతారావమ్మక్క పరిచయమైంది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మేనకోడలు సుస్మిత జనాన్ని కొండలకి నడిపించుకుని తీసుకెళ్తుంటుంది. కిందటేడు మా ఇద్దర్నీ అరకు వైపు తీసుకెళ్ళింది. వీపుకి సంచీ, రాత్రికి గుడారం. సంచీలో నా సామాను తప్ప మరొకరి సామాను లేకపోవడం నా బతుకులో అదే మొదటిసారి. ఎవరి మాత్రలూ లేవు, ఎవరి తువ్వాలూ లేదు. బరువు మాత్రం బియ్యం బస్తాలా ఉంది, అయినా ఎంత తేలిగ్గా నడిచానో నాకే ఆశ్చర్యమేసింది. ఈ మే ఆఖర్లో హిమాచల్‌లో మంచు పట్టిన కనుమ ఒకటి దాటించుకొస్తానంది సుస్మిత. ఎవరి సంచీ వాళ్ళే మోసుకోవాలి, గాడిదలూ కూలీలూ ఉండరు. అప్పటినుంచీ వీపు సంచీలో బియ్యం పోసుకుని మా అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగుతున్నాను. లిఫ్టులోంచి చూసి జనం నవ్వుకుంటే నవ్వుకున్నారు.

ఇంట్లో ఎవరి పాట వాళ్ళు పాడారు. షష్టిపూర్తి పీటల మీద కూర్చున్నదానివి, ఈ వయసులో కొండలేంటని మా ఆయన. "అమ్మా, పిల్లల్ని నీ దగ్గర దింపేది నువ్వుంటావనే కదా" అని చక్రి. ఆవకాయ సంగతేమిటని ఆడపడుచు, ఆవకాయ నా కోసం పుట్టినట్టు. ఉషశ్రీ ఒక్కతే ఫోన్లో గొంతు తగ్గించి, "వెళ్ళిరండి అత్తయ్యా, ఆ పది రోజులూ మామయ్యగారు చూసుకోలేరా ఏంటి" అంది. గొంతు తగ్గించి అన్నా ఆ మాట నాకు పెద్దగానే వినిపించింది. ఆవకాయ ముందే పెట్టేశాను. ప్రయాణం ఖాయం చేసుకున్నాను.

ఆ రోజు మేం వెళ్ళింది కొండపల్లి కోటకి. ఎండెక్కకముందే కారు దిగి నడక మొదలుపెట్టినా సగం దారిలో సాత్విక్ చతికిలబడ్డాడు. సంచీని ముందుకి వేసుకుని వాణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాను. ఆరేళ్ళ పిల్లాడు, బాగానే బరువున్నాడు. భానుశ్రీ నా చెంగు పట్టుకుంది. మా ఆయన గోడ నీడన కూర్చుండిపోయి, "మీరు చూసి రండి, నాకు కాళ్ళు లాగుతున్నాయి" అన్నారు. పైకెళ్ళి పిల్లలకి రాణీగారి గది ఇదని, ఏనుగుల్ని ఇక్కడ కట్టేవారని నాకు తోచిన కథలు చెప్తుండగా సీతారావమ్మక్క ఫోన్ చేసింది.

"మోకాళ్ళు అంత పాడయ్యాయని మాతో ఎందుకు చెప్పలేదు లక్ష్మీ?" అంది. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే నన్ను కాల్చింది. మా ఆయన ముందురోజు సుస్మితకి ఫోన్ చేశారట. మా ఆవిడకి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయండీ, మొహమాటానికి మీతో అనడం లేదు, దారిలో ఏదన్నా అయితే బాధ్యత మీదే అవుతుందన్నారట. ఆ పిల్ల భయపడి నన్ను ఆపేద్దామని అనుకుంటోందట.

నా వీపు మీద సాత్విక్ ఇంకా అలాగే ఉన్నాడు. వాణ్ణి దింపలేదు. "అక్కా, రెండు రోజుల్లో నేనే మాట్లాడతాను, అప్పటిదాకా నా పేరు తియ్యద్దని చెప్పు" అన్నాను. కిందికి దిగి, మా ఆయనకి పులిహోర వడ్డించాను. కడుపులో అగ్గి పెట్టుకుని వడ్డించడం మా ఆడవాళ్ళకి కొత్త కాదు.

సాయంత్రం అడుగుదామని మాటలు కూర్చుకుంటుంటే ఆయనే ముందు కదిపారు. కార్తీకంలో సాత్విక్‌కి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు దుర్గమ్మకి మొక్కుకున్నారట. ఇప్పటిదాకా చెప్పడానికి కుదర్లేదట.

"శుక్రవారం మంచిది. నీ చేత మెట్ల పూజ చేయిస్తానని మొక్కుకున్నాను."

మెట్ల పూజంటే కొండ కింద మొదటి మెట్టు నుంచి అమ్మవారి సన్నిధి దాకా ప్రతి మెట్టుకీ వంగి, కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టుకుంటూ ఎక్కడం. ఒక్క మెట్టూ వదలకూడదు. నేను కొత్తగా నేర్చుకునేదేం లేదు. ఆయన ప్రమోషన్ కోసం చేశాను, చక్రి ఇంజనీరింగ్ సీటు కోసం చేశాను, మొదటి కాన్పులో ఉషశ్రీ కష్టపడ్డప్పుడు చేశాను. మొక్కులన్నీ ఆయనవి, లేదా ఆయన తల్లివి. వంగిన నడుం మాత్రం నాది. దిగి వచ్చి మోకాళ్ళకి నువ్వులనూనె రాసుకునే తీరిక కూడా ఉండేది కాదు, వచ్చిన చుట్టాలకి వంట చెయ్యాలి కదా. "నువ్వు అదృష్టవంతురాలివి వదినా, అమ్మవారు నీ చేత చేయించుకుంటోంది" అనేది ఆడపడుచు, గారెలు తింటూ. ఆ అదృష్టం ఏనాడూ ఆవిడ పంచుకోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టు మా ఆయన ఇన్నేళ్ళూ నా మోకాళ్ళు దానం చేస్తూ వచ్చారు. అమ్మవారి మీద నాకు కోపం లేదు. ఆవిడ ఎప్పుడూ నన్నే రమ్మని అడగలేదు, నన్ను పంపింది వీళ్ళు.

"నా మోకాళ్ళు అరిగిపోయాయని సుస్మితకి చెప్పారట కదండీ" అన్నాను.

నీ మంచికే చెప్పాను, మంచులో పడితే ఎవరు దిక్కు, పిల్లల్ని వదిలేసి వెళ్తే చక్రి ఏమనుకుంటాడు అని ఒకదాని వెంట ఒకటి చెప్పుకొచ్చారు. అన్నీ అయ్యేదాకా విన్నాను.

"అరిగిన మోకాళ్ళతో అన్ని మెట్లకీ ఎలా వంగాలి?"

"అది వేరు లక్ష్మీ. అది అమ్మవారి పని. శక్తి ఆవిడే ఇస్తుంది."

ఆ మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడు నొప్పి ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో ఈయనే చెప్పారు, నేనే విన్నాను. ఇంకో మనిషి కోసం వంగేటప్పుడు నావి ఇనుప మోకాళ్ళు, నా కోసం నిలబడేటప్పుడు అరిగిన మోకాళ్ళు. ఎదురుగానే కూర్చుని సుస్మితకి ఫోన్ కలిపాను.

"సుస్మితా, శుక్రవారం పొద్దున్నే మీ అత్తయ్యని తీసుకుని దుర్గమ్మ కొండ కింద మెట్ల దగ్గరికి రామ్మా. నా సంచీ పూర్తి బరువుతో తెస్తాను. నాతోపాటు పైదాకా ఎక్కి, నా మోకాళ్ళు నువ్వే చూడు. వాటి గురించి ఇంకెవరిని అడిగినా లాభం లేదు."

"అలాగే ఆంటీ" అంది ఆ పిల్ల, వెంటనే.

మా ఆయన మొహం వెలిగింది. పోన్లే, ఎలాగూ కొండ దగ్గరికి వస్తావు కాబట్టి పూజ కూడా అయిపోతుందన్నారు. అప్పుడు చెప్పాను.

"మొక్కు ఎగ్గొట్టమనను, పిల్లాడి మొక్కు. కానీ మొక్కింది మీరు. పసుపు పళ్ళెం మీరు పట్టుకోండి."

మగాణ్ణి నలుగురిలో వంగి మెట్లకి పసుపు రాయమంటావా అని ఆయన గొణిగారు. మగవాళ్ళు రాస్తే వద్దని అమ్మవారు ఎక్కడన్నా చెప్పిందా అని అడిగాను. దేవుడికి మొక్కింది తీర్చకుండా ఉండేంత ధైర్యం ఆయనకి లేదు, నాకు తెలుసు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది మాత్రం తిన్నారు.

శుక్రవారం నాడు ఆయన పంచె కట్టుకుని పళ్ళెం పట్టుకున్నారు. బొట్లు మేం పెడతామని పిల్లలిద్దరూ కుంకుమ గిన్నె లాక్కున్నారు. సుస్మిత, సీతారావమ్మక్క అప్పటికే వచ్చి ఉన్నారు. నేను చీర మానేసి పంజాబీ డ్రెస్సూ బూట్లూ వేసుకుని, బియ్యం నింపిన సంచీ వీపుకి బిగించాను. మెట్ల పూజ చేస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి నన్నొకసారి, వంగి ఉన్న మా ఆయన్నొకసారి చూశారు. ఒక ముసలావిడ పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.

మొదట్లో మెట్టుకొకసారి ఆగి ఆయన కోసం చూశాను, అలవాటు కదా. తరవాత నా కాళ్ళ వేగం నాది అయింది. ఊపిరి బరువెక్కింది, భుజాలు లాగాయి, మోకాళ్ళు మాత్రం మాట విన్నాయి. పక్కనే ఎక్కుతున్న సుస్మిత, "ఆంటీ, ఢిల్లీ రైలు టిక్కెట్టు మీది కూడా ఉంచేస్తున్నా" అంది. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు.

"లక్ష్మీ" అని కింద నుంచి పిలుపు. వెనక్కి తిరిగాను. మా ఆయన నడుం మీద ఒక చెయ్యి, పసుపైన చెయ్యి ఒకటి గాల్లో, సగం నిటారుగా నిలబడి ఉన్నారు. మెట్లన్నీ ఇంకా పైనే ఉన్నాయి.

"నా వల్ల కావట్లేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అన్నారు.

ఆ నొప్పి నాకు బాగా తెలుసు. నా సంచీ పక్క జేబులోంచి నువ్వులనూనె సీసా తీసి, ఆయన చేతికి ఇచ్చి రమ్మని, అప్పటికే నా వెనకే ఎక్కొచ్చేసిన భానుశ్రీని పంపాను.

"కాసేపు కూర్చుని రాసుకోండి. శక్తి అమ్మవారే ఇస్తుంది" అని చెప్పి, పైమెట్టు మీద అడుగేశాను.